పొగను పాతిపెట్టుట న్యాయమేనా?



గత మాసమున మిర్యాలగూడ ప్రాంతపు సంఘమొకదాని మహాజన సభకు నేను పోయియుంటిని. వరిగడ్డిని కాల్చుటవలన భూమికి కలుగు నష్టమును గూర్చి చెప్పుట నా పని. ఉపన్యాసము ముగియగనే దామరచర్ల దిక్కునుండి వచ్చిన ఒక వృద్ధ రైతు లేచి, "మేం గడ్డి కాలిస్తె తప్పంటిరి, మంచిదే. గా కరెంటు ఫ్యాక్టరీల పొగను పట్టి భూమిల పెడ్తరని పేపర్ల రాసిండ్రు గద సారూ. మరి ఎవరి భూమిల పెడ్తరు?" అని అడిగెను. సభలో కొందఱు నవ్విరి. నేను నవ్వలేకపోయితిని. ఏలనగా ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేదు. ఇంటికి వచ్చి దొరకినంతవరకు పుస్తకములను, నివేదికలను చదివి, ఆలోచించి, నాకు తోచిన అభిప్రాయమును ఈ పత్రికాముఖమున సభ్యుల యెదుట ఉంచుచున్నాను. ఇది నా స్వంత అభిప్రాయమే గాని మఱియెవరిదియు కాదు.

మనము పొగ యని పిలుచు దానిలో కంటికి కనబడునది మసి, బూడిద. వానిని పట్టు యంత్రములు చాలకాలమునుండి ఉన్నవి. ఇప్పుడు చర్చలోనున్నది కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువు. నేను మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా సైన్సు మాస్టరుగారు గాజు గ్లాసులో తేరిన సున్నపునీరు పోసి, గొట్టముతో దానిలోనికి ఊదుమనెడివారు. కొంతసేపు ఊదగనే నీరు పాలవలె తెల్లబడెడిది. "నీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి మరల సున్నపురాయి అయినది" అని ఆయన చెప్పెడివారు. మఱియొకనాడు ఆ వాయువును ఒక గ్లాసులో పట్టి, నీరు వంచినట్లు వెలుగుచున్న క్రొవ్వొత్తిపై వంపగా దీపము ఆరిపోయెను. ఈ రెండు ప్రయోగములలోనే నేటి ప్రశ్న సగము ఇమిడియున్నది. ఆ వాయువు రాయిగా మారి శాశ్వతముగా నిలిచియుండగలదు. గాలికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువైనది గనుక, ఒక్కపెట్టున వెలువడినచో పల్లమునకు పారి, అక్కడి ప్రాణవాయువును త్రోసివేయనుగలదు.

మన ప్రాంతమునకు ఈ వాయువుతో సంబంధమేమి యందురా? చాల కలదు. మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్, వాడపల్లి ప్రాంతములందు సిమెంటు బట్టీలున్నవి. స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చినప్పుడు 100 పాళ్ళలో 56 పాళ్ళు సున్నముగా మిగులును, 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై పోవును. గోడకు పూసిన సున్నము దినదినమునకు గట్టిపడుట యనగా, పోయిన ఆ వాయువును గాలినుండి కొంచెము కొంచెముగా తిరిగి పుచ్చుకొనుటయే. సిమెంటు బట్టీనుండి వెలువడు ఈ వాయువులో సగమునకు మించిన భాగము బొగ్గునుండి గాక రాతినుండియే వచ్చుచున్నది. బట్టీని సూర్యరశ్మితో కాల్చినను ఆ భాగము రాక మానదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని కలదు.

ఇక దామరచర్ల మండలమున వీర్లపాలెము వద్దనున్న యాదాద్రి తాపవిద్యుత్కేంద్రము. 2015లో దీనికి శంకుస్థాపన జరిగెను. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తము 4,000 మెగావాట్లు దీని ప్రమాణము. 2024 చివర ఇందలి మొదటి యూనిటు విద్యుత్తును జాతికి అంకితము చేసిరి. బొగ్గుతో ఒక యూనిటు విద్యుత్తు పుట్టించుటకు ఇంచుమించు 900 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడునని లెక్క. అయిదు యూనిట్లును పూర్తిగా నడచిన ఒక్క గంటలో 40 లక్షల యూనిట్ల విద్యుత్తును, దానితోబాటు సుమారు 3,600 టన్నుల వాయువును పుట్టును.

ఈ లెక్క చూచి కేంద్రమును నిందించుట సులభము. కాని మన పద్దు కూడ చూచుకొనవలయును. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు పథకము ఆరంభమాయెను. ఐదు హార్సుపవరుల మోటారు ఎనిమిది గంటలు నడచినచో సుమారు 30 యూనిట్లు ఖర్చగును. అది బొగ్గు విద్యుత్తే యైనచో 27 కిలోల వాయువు మన పేర ఆకాశమునకు పోయినట్లే. మనము బిల్లు కట్టకపోవచ్చును. ఎక్కడనో ఎవరో కట్టుచున్నారు. పారిశ్రామిక యుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ళ గాలిలో 280 పాళ్ళుగానుండిన ఈ వాయువు ఇప్పుడు 420 పాళ్ళను దాటినది. వేడిమి పెరుగుటకును, వానలు అదను తప్పుటకును, ఒక్కనాటనే కుండపోతగా కురియుటకును ఇది ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు.

ఈ వాయువును గొట్టముననే పట్టి, అణచి, ద్రవమువలె చేసి, భూమిలో లోతుగా నింపవచ్చునన్నది క్రొత్త ఉపాయము. క్రొత్తది యనుటయు పూర్తిగా నిజము కాదు. నార్వే దేశమువారు 1996నుండి ఉత్తర సముద్రములో స్లైప్నర్ అను చోట, సముద్రపు అడుగునకు ఎనిమిది వందల మీటర్లకు పైగా లోతున నున్న ఇసుకరాతి పొరలోనికి ఏటేట పదిలక్షల టన్నులకు కొంచెము తక్కువగానో సమానముగానో పంపుచు వచ్చిరి. ఇసుకరాతి సందులలో వాయువు నిలుచును. పైనున్న బిగువైన రాతిపొర మూతవలె కాపాడును. ఐస్‌లాండు దేశమున 2012లో మఱియొక విధము చూచిరి. వాయువును నీటిలో కలిపి నల్లరాతి పొరలలోనికి పంపిరి. రెండేండ్లు తిరుగకముందే అందులో నూటికి 95 పాళ్ళు రాయిగా మారెనని 2016లో ప్రకటించిరి. మా మాస్టరుగారి గ్లాసులో జరిగినదే అక్కడ భూగర్భమున జరిగెను. కాని ఒక టన్ను వాయువునకు ఇంచుమించు 25 టన్నుల నీరు కావలసివచ్చెను. ఈ అంకెను నీళ్ళకై బోరు వెంట బోరు వేసిన రైతు చదివినచో ఏమనుకొనునో వేరుగ చెప్పనక్కఱలేదు.

మన దేశమును ఈ దారి పట్టినది. 2070 నాటికి గాలిలో కలుపు వాయువును, గాలినుండి తీసివేయు వాయువును సరితూగునట్లు చేయుదుమని 2021లో గ్లాస్గో సభలో మన ప్రభుత్వము మాట ఇచ్చెను. 2022 నవంబరులో నీతి ఆయోగు ఈ విషయమై నివేదిక ప్రకటించెను. 2025 మే నెలలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సిమెంటు పరిశ్రమకై ఐదు ప్రయోగశాలలను ప్రకటించెను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు దక్కను నల్లరాతి పొరలు ఇట్టి నిలువకు పనికివచ్చునా యని పరిశీలించియున్నారు. కావున ఆ వృద్ధ రైతు ప్రశ్న నవ్వదగినది కాదు.

ఎవరి భూమిలో? ముందు రాతిని బట్టి చెప్పెదను. సూర్యాపేట పరిసరములది గట్టి గ్రానైటు. దాని పగుళ్ళలో తప్ప నీరే నిలువదని బోరు వేసిన ప్రతి రైతుకును తెలియును. అట్టి రాతిలో కోట్ల టన్నుల వాయువునకు చోటెక్కడిది? వికారాబాదు, జహీరాబాదుల దిక్కున మొదలై కర్ణాటక, మహారాష్ట్రములందు పరచుకొనిన నల్లరాతి పొరలు ఒక చోటు. చమురును, వాయువును తీయుచున్న కృష్ణా గోదావరి డెల్టా అడుగుపొరలు మఱియొక చోటు. అనగా ఇక్కడ పుట్టిన పొగను భూమిలో పెట్టవలసివచ్చిన, అది మన భూమిలో గాక కోనసీమ కొబ్బరితోట క్రిందనో, పడమటి కందిచేని క్రిందనో పెట్టుదురు. విద్యుత్తు మనకు, సిమెంటు పట్టణములకు, లాభము కంపెనీలకు, భూగర్భపు భారము మఱియొక రైతునకు. ఇది న్యాయమా యని మనము అడుగవలయును. మన క్రింద కాదుగదా యని ఊరకుండుట సహకార ధర్మము కాదు.

ఇక్కడ నా స్వంత తప్పు ఒకటి చెప్పక తప్పదు. 2011లో ఎండోసల్ఫాను మందును సుప్రీంకోర్టు నిషేధించినపుడు, నేను పనిచేయుచుండిన గ్రామమొకదానిలో రైతుల యిండ్ల మిగిలిన డబ్బాలను ఏమి చేయవలెనని నన్నడిగిరి. నేను వయసులో చిన్నవాడను, తొందరపాటు కలవాడను. ఒక రైతు చెలక మూలనున్న బీడులో గుంత తీయించి, డబ్బాలను పెట్టి మూయించితిని. అందఱును సంతోషించిరి. కంటికి కనబడకపోయినచో పీడ వదిలినట్లే యని నేనును తలచితిని. ఏ పుస్తకమునందును వ్రాయలేదు. ఆరేండ్లకు ఆ చెలక చేతులు మారెను. కొన్నవాడు నీటికుంట త్రవ్వించెను. గుంతలో ఊరిన నీరు త్రాగి అతని పాడిగేదె చచ్చెను. నాకు తెలిసి పోయి చూచునప్పటికి ఆ యింటి యిల్లాలు గడపలో కూర్చుండి, "మాకు ఒక్క మాట చెప్పెటోళ్ళు లేకపాయెనా అన్నా" అని మాత్రమే అనెను. గేదె వెలలో నేనీయగలిగినది ఇచ్చితిని. ఆమె మాటకు మాత్రము నేటివరకును బదులు చెప్పలేకున్నాను. పాతినవాడొకడు, ఎఱుగక త్రవ్వినవాడొకడు. నడుమ వ్రాత లేదు, పూచీదారు లేడు. పొగను పాతిపెట్టు ప్రశ్నయంతయు నాకు ఆ యిల్లాలి మాటగానే వినబడుచున్నది.

అయితే భయమును ఉన్నదానికంటె పెద్దదిగా చేసి చెప్పుట కూడ తప్పే. బొగ్గుపులుసు వాయువు ఎండోసల్ఫానువంటి విషము కాదు. మన ఊపిరిలోనున్నది, మన పైరు తినునది అదియే. తగిన రాతిని వెదకి, జాగ్రత్తగా నింపి, కాపు పెట్టినచోట ఇది దీర్ఘకాలము నిలుచుననుటకు నార్వేవారి అనుభవమే సాక్ష్యము. కామెరూను దేశమున న్యోస్ సరస్సునుండి 1986 ఆగస్టులో ఈ వాయువు ఒక రాత్రి ఉబికివచ్చి సుమారు 1,700 మంది నిద్రలోనే చనిపోయిరి. అది ప్రకృతివలన జరిగినదేగాని మనుష్యులు నింపినదానివలన కాదు. కాని వాయువు గుణము అట్టిదని అది తెలుపుచున్నది. అమెరికా దేశమున మిసిసిపీ రాష్ట్రమున సటార్షియా అను పల్లె దగ్గఱ 2020 ఫిబ్రవరిలో వానలకు గట్టు జారి ఈ వాయువును తీసుకొనిపోవు గొట్టము పగిలెను. ఎవరును చావలేదు గాని 45 మంది ఆసుపత్రుల పాలైరి. ప్రాణవాయువు చాలక మోటారుబండ్లు నడిరోడ్డున ఆగిపోయెను. కనుక భూగర్భమునకంటె దారిలోని గొట్టమే ముందుగా భయపడదగినది.

గొట్టములన్న మన తెలుగువారికి అనుభవము లేకపోలేదు. 1995 జనవరిలో గోదావరి డెల్టాయందలి పాశర్లపూడి వద్ద చమురు సంస్థ బావి పగిలి లేచిన మంట రెండు మాసములకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున అదే సీమలోని నగరము గ్రామమున వాయువు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. అవి మండు వాయువులు, ఇది మండని వాయువు. ఆ భేదమును ఒప్పుకొందును. కాని గొట్టమును వేయువారు, పరీక్షించువారు, ఫిర్యాదును వినువారు అదే మనుష్యులు. లోతుపొరలపై ఒత్తిడి పెరిగినచో ఏమగునో కోయనా నేర్పినది. 1967 డిసెంబరులో మహారాష్ట్రమున ఆ జలాశయపు సమీపమున వచ్చిన భూకంపమునకు జలాశయపు నీటి బరువు, నీటి ఊట కారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అదియు దక్కను నల్లరాతి నేలయే. కాబట్టి చేయరాదనుట కాదు, తొందరపడరాదనుట.

అంతకంటె దగ్గఱి పాఠము మన పాత నల్లగొండ జిల్లాలోనే కలదు. మఱ్ఱిగూడ, చండూరు ప్రాంతముల నేలలోని రాతినుండి ఫ్లోరైడు ఊటనీటిలో కరగి, ఎముకలు వంగిన మనుష్యులను మనము చూచితిమి. ఆ నీటిని పటికతోను, సున్నముతోను శుద్ధిచేయు పద్ధతికి "నల్లగొండ పద్ధతి" యని లోకమంతట పేరు వచ్చెను. మన జిల్లాకు వచ్చిన ఆ కీర్తి ఎట్టిదో ఆలోచింపుడు! భూమిలోనిది భూమిలోనే యుండునని నమ్మరాదు. నీటి వెంట అది పైకి వచ్చును. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగినచో నీరు పులుపెక్కి, రాతిలోని ధాతువులను మఱింత కరగించును. అందుచేత త్రాగునీటి పొరకును నిలువపొరకును నడుమ బిగువైన మూతరాయి ఉన్నదని ఋజువు కానిచోట ఈ పని తలపెట్టుటయే అన్యాయము.

ఇప్పుడు నా అభిప్రాయము చెప్పెదను. మొదటి మాట: ఏ పొగను పాతవలెను? సిమెంటు రాతినుండి వచ్చు వాయువునకు నేడు వేఱు దారి కష్టము. ఇల్లు, వంతెన, కాలువ లైనింగు మానలేము. తప్పనిసరియైన ఆ శేషమును భూమిలో పెట్టుట, వేఱు గతిలేని అప్పును నియమముగా తీర్చుటవంటిది. బొగ్గు విద్యుత్తు సంగతి అట్టిది కాదు. దానికి ఎండయు, గాలియు బదులుగా ఉన్నవి. పైగా బొగ్గు కేంద్రమునందు ఈ వాయువును పట్టుటకే ఆ కేంద్రపు శక్తిలో అయిదవ వంతునుండి నాలుగవ వంతువఱకు, ఒక్కొక్కచోట అంతకు మించియు ఖర్చగును. అనగా పొగను పాతుటకు మఱింత బొగ్గు కాల్చవలయును. "తరువాత పాతెదము" అను వాగ్దానముపై నేడు క్రొత్త బట్టీలు వెలిగించుట, ఎవరో తీర్చుదురని పరపతి సంఘములో అప్పుమీద అప్పు వ్రాయించుకొనుటవంటిది. ఆస్ట్రేలియాలోని గోర్గన్ అను చోట పట్టిన వాయువులో నూటికి 80 పాళ్ళు పాతెదమని మాట ఇచ్చి 2019లో పని మొదలుపెట్టిరి. ఆ మాట చెల్లింపలేకపోయిరి. వాయిదా తప్పినవానికి మన సంఘము మరల అప్పిచ్చునా?

రెండవ మాట: అనుమతి. మన పట్టాదారు పాసుపుస్తకములో ఎకరములు కలవు, గుంటలు కలవు, లోతు వ్రాయబడలేదు. చట్టము వేఱుగా చెప్పనిచో భూగర్భ ఖనిజములపై హక్కు భూమి యజమానిదేయని 2013లో సుప్రీంకోర్టు కేరళ వ్యాజ్యమొకదానిలో తీర్పు చెప్పెను. ఖనిజము సంగతి అట్లుండగా, రాతి సందులలోని ఖాళీచోటు ఎవరిది? ఇంతవఱకు ఎవరికిని దానితో పనిలేకుండెను. ఇక ముందు దానికిని వెల వచ్చును. చమురు గొట్టముల విషయమున 1962 నాటి చట్టము ప్రకారము భూమిని కొనకయే "వినియోగ హక్కు" మాత్రము పుచ్చుకొని, భూమి విలువలో పదవ వంతు పరిహారమిచ్చుచున్నారు. రైతు అక్కడ చెట్టు పెట్టరాదు, బావి త్రవ్వరాదు. ఈ పద్ధతినే పొగకును వర్తింపజేసినచో అన్యాయమగును. 2013 భూసేకరణ చట్టము ప్రైవేటు కంపెనీ కొఱకు భూమి తీయునపుడు నూటికి 80 కుటుంబముల సమ్మతి కావలెనన్నది. క్రింది పొరను తీసుకొనునపుడును అట్టి సమ్మతియే కావలయును. నెదర్లాండ్సు దేశమున బారెండ్రెక్టు పట్టణము క్రిందనున్న వట్టిపోయిన వాయుపొరలలో ఈ నిలువ చేయదలచగా, ప్రజలొప్పుకొననందున 2010లో ప్రభుత్వము మానుకొనెను. అక్కడి పట్టణవాసికి ఉన్న నోరు ఇక్కడి పల్లెవాసికిని ఉండవలయును. గ్రామసభకు పిలిచి, తెలుగున విప్పిచెప్పి, వలదన్నచో మానుకొను నియమముండిననే దానిని అనుమతి యనవచ్చును. వ్రేలిముద్ర తీసుకొనుట అనుమతి కాదు.

మూడవ మాట: పూచీ. ఇదియే అన్నిటికంటె బరువైనది. ఈ నిలువకు గడువు పదియేండ్లు కాదు, నూఱేండ్లు కాదు, వేలయేండ్లు. కంపెనీకి ఆయుస్సెంత? ఐరోపా దేశములు 2009లో చేసికొనిన శాసనము ప్రకారము బావి మూసిన పిదప సాధారణముగా ఇరువది యేండ్లకు తక్కువ గాకుండ కంపెనీయే కాపు కాయవలెను. వాయువు నిలకడగా ఉన్నదని ఋజువైన పిదపనే పూచీ ప్రభుత్వమునకు మారును. మన సంఘములో ఒక బస్తా ఎరువు అప్పునకు జామీనుదారుని అడుగుదుము. ఏటేట లాభములో కొంత రిజర్వు నిధికి తీసిపెట్టుదుము. భూగర్భమున కోట్ల టన్నులు పెట్టువానిని జామీనడుగకుందుమా? టన్నుకింత యని ముందుగానే సొమ్ము ప్రత్యేక నిధిలో కట్టించి, కంపెనీ దివాలా తీసినను ఆ నిధిని తాకనీయక, బావి యెక్కడ, ఎంత లోతు, ఎంత నింపిరి యన్నది గ్రామపు భూరికార్డులలోనే వ్రాయించవలయును. భూమి కొనువాడు పహాణీ చూచినట్లు దానినిగూడ చూడగలుగవలయును. నేను 2011లో ఒక్క కాగితము వ్రాసియుంచినచో ఆ గేదె బ్రతికియుండెడిది.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలసియున్నది. "మొదట ఆకాశమును పాడుచేసినవారు తెల్లదేశములవారు, మనమేల ఈ భారము మోయవలెను?" అని చదువుకొనిన యువకులు అడుగుచున్నారు. వారి మాటలో సగము నిజము కలదు. ఎక్కువ అప్పు చేసినవాడు ఎక్కువ తీర్చవలయును. ఈ యంత్రముల ఖర్చును, విద్యను వారు మనకు సమకూర్చుట దానము కాదు, బాకీ. కాని అసలు వలదనువారిని నేనొకటి అడుగుదును. భూమిలో పెట్టనిచో ఆ వాయువు ఎక్కడికి పోవుచున్నది? ఆకాశములో పెట్టుచున్నాము. అక్కడ మూతరాయి లేదు, పహాణీ లేదు, అనుమతి లేదు. ఇంకను పుట్టని మనుమల గాలిని ఈనాడు వారినడుగకయే మనము వాడుకొనుచున్నాము. కనుక చేతులు కట్టుకొని వలదనుట నిర్దోషిత్వము కాదు. రెండు అన్యాయములలో చిన్నదానిని వెదకి, దానికిని కట్టుదిట్టములు చేయుటయే మనుష్యుల పని.

మన చేతిలోనున్న నిలువ ఒకటి కలదు. దానికి గొట్టము వద్దు, కంపెనీ వద్దు. అదియే మడిలోని మట్టి. వానాకాలపు కోత యంత్రము పోయిన మఱునాడే యాసంగి తొందరలో గడ్డికి నిప్పు పెట్టుచున్నాము. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు అయిదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు, కిలోకు పైగా గంధకము కలవని లెక్క. నిప్పుతో నత్రజనియు, గంధకములో చాలభాగమును గాలిపాలగును. గడ్డిని దున్ని మడిలో కలిపినను, జీలుగ, జనుము, పిల్లిపెసర పెంచి కలియదున్నినను భూమికి సారము చేరును, కొంత కర్బనము నేలలో నిలుచును. కాని నిజము దాచరాదు. మట్టిలోని ఈ నిలువ సేవింగ్సు ఖాతావంటిది. నాలుగేండ్లు వేసినది ఒక్క ఏడు నిర్లక్ష్యముతో తిరిగిపోవును. నాలుగువేల మెగావాట్ల పొగకు ఇది సరికి సరి కాజాలదు. అయినను మన గడ్డిని మనము కాల్చుచు, మఱియొకని పొగను ప్రశ్నించుటకు నోరు చాలదు. ఆ వృద్ధుడు సభలో చెప్పకయే చెప్పినది ఇదియే యని నాకిప్పుడు తోచుచున్నది. గడ్డి కాల్చుట తప్పన్న నియమము చిన్నవానికే గాక పెద్దవానికిని ఉండవలెనని ఆయన కోరినది.

ఇంతవఱకు ఈ మూడు తావులలో ఎవరును వచ్చి బావి త్రవ్వుదుమని అడుగలేదు. అడిగిన పిదప ఆలోచించుటకంటె ముందే ఆలోచించియుంచుట మేలు. రాబోవు మహాజన సభలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు సభ్యులు ఈ విషయమును చర్చించి, తప్పనిసరియైన పొగకే నిలువ, గ్రామసభ సమ్మతి, ముందుగా కట్టిన పూచీ నిధి, భూరికార్డులో నమోదు అను ఈ నాలుగు నియమములపై తమ యభిప్రాయమును తీర్మానముగా వ్రాసికొనవలెనని కోరుచున్నాను. అందు కోనసీమ రైతును, పడమటి నల్లరాతి సీమ రైతును మఱువకుడు. మన మోటారుకు విద్యుత్తు ఇచ్చిన పొగ వారి పొలము క్రిందికి పోవునేని, వారి తరఫున మొదట అడుగవలసినవారము మనమే.

దామరచర్ల పెద్దయ్యకు నా సమాధానము ఇది: "ఎవరి భూమిలో పెట్టినను, పెట్టకముందు ఆ యింటివారికి చెప్పవలెను, పెట్టిన పిదప పెట్టినవాడే కాపు కాయవలెను. ఈ రెండును కుదురనిచోట పెట్టరాదు." ఆయన దీనిని ఒప్పుకొనునో లేదో వచ్చే సభలో అడిగి తెలిసికొనెదను.

ఇట్లు,
ఒక వ్యవసాయ ప్రదర్శకుడు